పెద్దలు చదివించిన గేదె

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు. తలుపు తీసే ఉంది, చెప్పులు బయటే ఉన్నాయి. కూర్చున్నవాళ్లు మాత్రం ఒక మాట ఖాయం చేసుకుని కూర్చోండి. నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధం ఉందని రుజువు చేసినవాడికి ఈ మీసం గొరిగి పళ్లెంలో పెట్టి ఇస్తాను. ఇది సామాన్యమైన మీసం అనుకునేరు. ఒకసారి దీన్ని మెలివేస్తూ గోదావరి రేవులో నిలబడితే, అవతలి ఒడ్డుకు పోతున్న లాంచీ నన్ను పెద్ద పోలీసు ఆఫీసరనుకుని నడిమధ్యలో వెనక్కి తిరిగి వచ్చింది.

నా పేరు బుర్రా నాగలింగం. ఆలమూరు నుంచి అమలాపురం దాకా ‘మైకులేని లింగం’ అంటే ఏడ్చే పసిపిల్లలు కూడా ఏడుపు ఆపి చూస్తారు. పెళ్లిళ్లలో చదివింపులు పలకడం నా విద్య. కానుక తెచ్చినవారి పేరు, ఊరు, తెచ్చిన వస్తువు పందిరి చివరి మనిషికి కూడా వినబడేలా పలకాలి. అలా పలికాకే అది కానుక. అంతకు ముందు అది ఒట్టి సామాను. నేను ఆలమూరులో బిందె చదివిస్తే మండపేటలో బిందెలు మోగేవి. తర్వాత మైకులు వచ్చాయి, మైకులు పట్టుకునే కుర్రాళ్లు వచ్చారు, నన్ను బంతిలో కూర్చుని భోంచేసి పొమ్మన్నారు. పోనివ్వండి. సింహానికి పని లేకపోతే గడ్డి తింటుందా?

పని లేని నాకు చోటిచ్చిన మహానుభావుడు మండపాక అచ్యుతరామయ్య గారు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. పరిశోధనలు చేసే పిల్లలు తాము రాసిన ఇంగ్లీషు కాగితాలు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో ఆయన అరుగు మీదకి వచ్చేవారు. నేనూ అక్కడే ఒక స్తంభానికి ఆనుకుని కూర్చునేవాణ్ణి. ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అంటలేదు. అయినా అందరూ ఆయన్ని గురువుగారు అంటే నేనూ అన్నాను. ఆయన కాదనలేదు. నా ముసలితనాన్ని ఆయన అరుగు కాపాడింది. ఈ మాట ఎక్కడైనా, ఎన్నిసార్లైనా చెబుతాను.

ఆయనకి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. కళ్లజోడు తీసి ఉత్తరీయం చివరతో తుడుచుకుంటారు. ఆ తుడుపు అయ్యేలోగా లోకంలో ఏదో ఒకటి జరుగుతుంది. జరగకపోతే మళ్లీ తుడుస్తారు. ఆ అద్దాలు ఎంత అరిగిపోయాయంటే, వాటిలోంచి చూస్తే మనిషి వీపు వెనక ఏముందో కనబడేది.

ఒకనాటి ఉదయం వకుళ అనే అమ్మాయి కాగితాల కట్ట గుండెలకి అదుముకుని వచ్చింది. లంకగ్రామం పిల్ల. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, గోదావరి మధ్యలోని లంకలు ఎందుకు కోసుకుపోతున్నాయని ఇంగ్లీషులో పరిశోధన గ్రంథం రాస్తోంది. వస్తూనే కట్టని అరుగు మీద పడేసింది. పైకాగితం నిండా ఎర్ర సిరా.

“మా ప్రొఫెసరుగారు తిప్పి పంపేశారండి. ఈ నెలాఖరులోగా సరిచేసి ఇవ్వకపోతే ఇంక తీసుకోరట. ఇన్నేళ్ల కష్టం గోదాట్లో కలిసినట్టేనండి.”

“తప్పేమిటన్నారు?” అన్నారు గురువుగారు.

“రెండో అధ్యాయంలో ఒక వాక్యం. ‘లంకలు కోతకు గురికావడానికి ఒడ్డున రెల్లు నరికేయడమే కారణమని కొందరి నమ్మకం, అది పూర్తిగా సరికాదు’ అని రాశానండి. పక్కన ఆయన రాసింది చూడండి. ‘ఎవరీ కొందరు? ఎక్కడన్నారు? ఎందుకన్నారు?’ అని.”

“ఎవరమ్మా ఆ కొందరు?”

వకుళ తల దించుకుంది. “కొందరు కాదండి, ఒక్కరే. మా హైస్కూల్లో జాగ్రఫీ చెప్పిన వీరభద్రం మాస్టారండి. లంక వెంట మమ్మల్ని నడిపించి, రెల్లు వేళ్లు పెరికి చూపించి, మట్టిని పట్టుకునేది ఇదే అని చెప్పిన మనిషి. స్కూలు వార్షికోత్సవం సంచికలో ఇంగ్లీషులో వ్యాసం కూడా రాశారు. దాన్నెవరూ చదవలేదు, నేను తప్ప. ఇప్పుడాయన తునిలో కూతురింట్లో ఉన్నారు. మతిమరుపు వచ్చేసింది. ఆ వ్యాసం రాసింది తనేనని ఆయనకే గుర్తులేదు. నా పరిశోధన మొత్తం ఆయన మాట మీదే నిలబడింది. కానీ ఆయన చెప్పిందాంట్లో ఒక వెలితి ఉంది. పైనుంచి ఒండ్రు రావడం తగ్గిపోయిన సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదు. అది చెప్పకుండా నా పుస్తకం లేదు.”

“చెప్పొచ్చుగా మరి?”

“ఎలాగండీ? ఇంగ్లీషులో గారు పెట్టకూడదట. ‘వీరభద్రం వాదిస్తాడు’ అని ఉట్టి పేరు రాయాలట. నాకు పాఠం చెప్పిన మనిషిని పేరెట్టి పిలిచి, ఆపైన నీ మాట తప్పు అని అచ్చులో వేయించమంటారా? ఆయన గౌరవం నిలబెట్టాలనే కొందరు అని రాశాను. అది చాలదాండీ గురువుగారూ?”

నాకు ఒళ్లు మండింది. “అదేం భాషమ్మా! దేశాలన్నీ ఏలిందంటారు, రెండక్షరాల గారుకి చోటు లేకపోయిందా?” అన్నాను. ఆ మాటకి ఇంగ్లండులో ఎవరో ఒకరికి పొలమారి ఉంటుంది.

గురువుగారు కళ్లజోడు తీశారు. తుడిచారు. వీధిలో ఏమీ జరగలేదు. మళ్లీ తుడిచారు. అప్పుడు దూరంగా సన్నాయి వినబడింది.

“నాగలింగం, ఇవాళ సూర్యప్రకాశం గారి అమ్మాయి పెళ్లి కదూ? భోజనానికి పిలిచారు. అమ్మాయినీ తీసుకుని పోదాం పద.”

“నా ప్రాణం పోతుంటే పెళ్లి భోజనమేంటండి?” అంది వకుళ.

“దప్పళం బాగుంటుంది,” అన్నారు గురువుగారు, చెప్పులు వేసుకుంటూ.

సూర్యప్రకాశం గారి పందిరి సంగతి ఏమని చెప్పను! ఈ చివర తాళి కడితే ఆ చివరి నుంచి వేసిన అక్షింతలు సాయంత్రానికి గాని చేరవు. మేం వెళ్లేసరికి ముహూర్తం అయిపోయింది. వేదిక మీద పెళ్లికూతురు నీలవేణి, పక్కన వరుడు, ఇద్దరికీ కొంగుముడి. కింద బల్ల వేసి చదివింపులు మొదలుపెట్టారు. మైకు పట్టుకున్న కుర్రాడు కాకినాడ నుంచి వచ్చాట్ట. మెరుపుల కోటు. గొంతు చూస్తే ఎలక గాదెలో దూరినట్టు కీచుగా ఉంది. నేనేమీ అనలేదు. పెద్దమనిషిని.

మైకు ముందు నిలబడ్డ వరసలోకి ఒక నడివయసు ఆవిడ వచ్చింది. కొంగలంక కోడలు, పేరు మంగాయమ్మ. ఆవిడ చేతిలో ఏమీ లేదు. ఎందుకంటే ఆవిడ తెచ్చిన కానుక పందిరి బయట కొబ్బరిచెట్టుకి కట్టేసి ఉంది. గేదె! దూడతో సహా! నేను చాలా గేదెల్ని చూశాను గానీ, అలాంటిదాన్ని ఇంతవరకూ చూడలేదు. అది నిలబడితే అవతల మధ్యాహ్నం, ఇవతల సాయంత్రం. దాని కొమ్ముల మధ్య ఉయ్యాల కట్టి కవలల్ని ఊపొచ్చు.

“ఎవరి పేరు చెప్పమంటారు మేడమ్?” అన్నాడు మైకు కుర్రాడు.

మంగాయమ్మ కొంగు నెత్తిమీదకి లాక్కుంది. “పెద్దలండి.”

“పెద్దలంటే?”

“అదేనండి... పెద్దాయన.”

“పేరు మేడమ్, పేరు!”

“పేరేంటి బాబూ, ఆయన నాకు స్వయానా మావగారు. నోటితో ఎలా అంటాను? మీ ఇంట్లో అంటారేంటి?”

వెనకాల వరస పెరిగిపోతోంది. ఎవరో గంగాళం నెత్తిన పెట్టుకుని “తెమలండమ్మా, మెడ ఇరుగుతోంది” అంటున్నారు. కుర్రాడు మైకు నోటికి ఆనించుకుని ఏకబిగిన పాడేశాడు: “పెద్దలు ఒక గేదెను దూడతో సహా చదివించారు! పెద్దలకు ధన్యవాదాలు! నెక్స్ట్!”

పందిట్లో తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఎటు? ముందు వరసలో సోఫా మీద సిల్కు కండువాతో కూర్చున్న కంట్రాక్టరు పట్టాభి వైపు. ఆ పందిట్లో గేదెను ఇవ్వగలిగిన పెద్దలెవరంటే అందరికీ తట్టింది ఆయనే. పెళ్లికూతురి తండ్రి సూర్యప్రకాశం గారు పరుగున వెళ్లి రెండు చేతులూ జోడించి, “ఎందుకండీ బాబూ ఇంత శ్రమ! ఈ రుణం ఎలా తీర్చుకోను!” అన్నారు. పట్టాభి కాదనలేదు. అవుననీ అనలేదు. “అబ్బే, ఎందుకివన్నీ,” అని కండువా సర్దుకున్నాడు. ఫొటోగ్రాఫరు ఒక ఫొటో కూడా తీశాడు.

అప్పుడు వకుళ నా భుజం తట్టి బయటికి చూపించింది. వంటల గాడిపొయ్యిల దగ్గర, పొగలో, ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన కర్ర రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. మెట్లెక్కలేడని అక్కడే కూర్చోబెట్టారు. చేతిలో మజ్జిగ గ్లాసు పెదాల దాకా వచ్చి ఆగిపోయి ఉంది. ఆయన తాగడం లేదు, దించడం లేదు. చెవి మాత్రం మైకు వైపు ఉంది. గురువుగారు అప్పటికే కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు.

వకుళ వెళ్లి ఆయన పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. వెనకాలే నేనూ వెళ్లాను.

“ఆ గేదె మీదేనా తాతా?”

“నాదో, పెద్దలదో! ఇప్పుడే మైకులో చెప్పారు కదేంటి, వినలేదా?”

“మీదే అయితే లోపలికి కబురు పెట్టండి. మీరే చెప్పండి.”

“నాది నేను చెప్పుకుంటే దాన్ని గొప్పలంటారమ్మాయ్. ఒకరు చెబితేనే చదివింపు.” ఆయన గ్లాసు దించాడు. “ఈ పెళ్లికూతురి తాత పేర్రాజు గారని ఉండేవారు. ఆ పెద్ద వరదలో నేను కొబ్బరిచెట్టు మీద వేళ్లాడుతుంటే నావేసుకుని వచ్చారు. అప్పటికి ఆయన గొడ్లు ఆయన కళ్ల ముందే కొట్టుకుపోతున్నాయి. వాటిని వదిలేసి ముందు నన్ను దింపారు. ఒడ్డున ఉన్న జనమంతా చూశారు. ఆయన పోయారు. నేను ఇంతవరకూ జనంలో నిలబడి ఆయనకి ఒక దండం పెట్టుకోలేదు. ఇంక ఎన్నాళ్లుంటాను? నా ఇంట పుట్టి పెరిగిన గేదె అది. అదే నా దండం అనుకున్నాను. అది కాస్తా ఆ సిల్కు కండువాకి తగిలింది.”

వకుళ లేచి గబగబా మంగాయమ్మ దగ్గరికి నడిచింది. “పిన్నీ, మీ మావగారు మజ్జిగ కూడా తాగలేకపోతున్నారు. ఒక్కసారి వెళ్లి ఆయన పేరు చెప్పండి.”

మంగాయమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. “ఆయన్ని తక్కువ చేద్దామనా తల్లీ నేను? తక్కువ చెయ్యకూడదనే కదా నోరు రాలేదు! నువ్వు చెప్పమ్మా. నీకు ఆయన మావగారు కాదు కదా.”

“సరే, పేరు చెప్పండి.”

“ఎలాగమ్మా చెప్పేది? పొద్దున్నే తూర్పున వస్తాడు చూడు, ఏడు గుర్రాలేసుకుని. ఆయన పేరే.”

“భాస్కరమా?”

“కాదు.”

“ఆదినారాయణా?”

“అబ్బే, అంత పెద్దది కాదు. చిన్నదే.”

పక్కన నిలబడ్డ వంటవాళ్లు కూడా తలా ఒక పేరు వేయడం మొదలుపెట్టారు. రవి అన్నారు, దినకరం అన్నారు. మంగాయమ్మ అన్నిటికీ తల అడ్డంగా ఊపుతోంది. ఇలా అయితే తెల్లారి అసలాయనే వచ్చేస్తాడని నేను అన్నాను. చివరికి వకుళ మళ్లీ ముసలాయన దగ్గరికే వెళ్లి అడిగింది.

“కొప్పిశెట్టి సూరన్న,” అన్నాడాయన. “ఉట్టి సూరన్న. దాని వెనక ఇంకేమీ తగిలించకు. కొంగలంకలో సూరన్నంటే గట్టు మీద మేక కూడా దారి చూపిస్తుంది. సూరన్న గారూ అన్నావంటే, ఎవరబ్బా కొత్తగా వచ్చాడని నన్నే అడుగుతారు.”

ఆ అమ్మాయి తిన్నగా బల్ల దగ్గరికి వెళ్లి మైకు లాక్కుంది. “అందరూ ఒక్క నిమిషం వినండి. ఇందాక చదివించిన గేదె...” అంది. అంతే. కరెంటు పోయింది!

ఇది నా కోసం పోయిందని మీరు ఒప్పుకోవాలి. దేవుడికి తెలుసు ఏ గొంతును ఏ పూటకి దాచి ఉంచాలో. వకుళ నా వైపు చూసింది. నా చెవిలో ఆ పేరు, ఊరు, ఎందుకిచ్చారన్నది వరసగా చెప్పింది. నేను మీసం సవరించుకున్నాను. నాభి దగ్గర్నుంచి గాలి తీశాను. ఆ గాలికి పందిట్లో ఆకులు ఇటు వంగాయి.

“కొంగలంక కాపురస్తుడూ... కొప్పిశెట్టి సూరన్నా... పెద్ద వరదలో తన ప్రాణం నిలబెట్టిన పేర్రాజు గారికి దండం పెట్టుకుంటూ... ఆయన మనవరాలు నీలవేణికీ... పూటకి ఎనిమిది లీటర్లు పాలిచ్చే గేదెనూ... దూడనూ... చదివించారహో!”

అప్పడాలు నూనెలో పడకుండానే పొంగాయి. చుట్టుపక్కల మూడు ఊళ్లలో గుళ్లో గంటలు వాటంతటవే మోగాయి. పందిరి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలోంచి ఒక కర్ర పైకి లేచింది.

“ఎనిమిదెక్కడివయ్యా? నాలుగు!” సూరన్న గాడిపొయ్యి దగ్గర్నుంచి కేకేశాడు. “నేను అనని మాట నా పేరున అంటగట్టకు!”

“పెళ్లి కదా పెద్దాయనా, ఉండనీ!” అన్నాను నేను.

“ఉండనిస్తే రేపు ఆ పిల్ల చెంబు పట్టుకుని కూర్చుని, నాలుగే వస్తే, సూరన్నంత అబద్ధాలకోరు లేడంటుంది. ఇంకోటి. కుడిపక్కన కూర్చుని పితికితే తంతుంది. అది కూడా చెప్పు.”

వకుళ ఆయన దగ్గరికి పరుగెత్తింది. “తాతా, నలుగురిలో మీ కానుకలో వంకెందుకు చెప్పించుకుంటారు? మీకే చిన్నతనం కదా?”

“తంతుందని చెబితే చిన్నతనమేంటమ్మా? తన్నించుకున్నాక తెలిస్తే, అదీ చిన్నతనం. ఎడంపక్కన కూర్చోమను, దానంత సాధువు లేదు.”

నేను మళ్లీ పలికాను. నాలుగు లీటర్లన్నాను. కుడిపక్క తంతుందన్నాను, ఎడంపక్క సాధువన్నాను. పలికిన మాట వెనక్కి తీసుకోవడం నా జన్మలో అదొక్కసారే. ఇప్పటికీ నా సొంత అభిప్రాయం అడిగితే ఎనిమిదే. కానీ అది సూరన్న మాట కాదు, నా మాట. ఆ తేడా ఆ పూట నాకు కూడా తెలిసొచ్చింది.

ఇంక ఆ పందిట్లో జరిగింది చూసి తీరాలి. సూర్యప్రకాశం గారు పట్టాభికి పెడుతున్న రెండో నమస్కారం సగంలో వదిలేసి బయటికి పరుగెత్తారు. “మా నాన్న ఆ కొబ్బరిచెట్టు సంగతి చెప్పని రోజు లేదు. ఆ మనిషివి నువ్వేనా సూరన్నా!” అని కుర్చీ పక్కన మట్టిలోనే కూలబడ్డారు. వేదిక మీద నీలవేణి లేచింది. కొంగుముడి ఉంది కాబట్టి వరుడూ లేవక తప్పలేదు. ఆ పిల్ల అతన్ని పడవలా లాక్కుంటూ మెట్లు దిగి, పొగలోకి వచ్చి, సూరన్న కాళ్ల మీదకి వంగింది. సూరన్న కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. “నాకు కాదమ్మా, ఈ దండం ఇటు నుంచి అటు పోవాలి,” అని ఆ పిల్ల ముఖంలోకి చూసి రెండు చేతులూ జోడించాడు. “ఆ కళ్లు పేర్రాజు గారివే,” అన్నాడు. మంగాయమ్మ వచ్చి మజ్జిగ గ్లాసు మళ్లీ ఆయన చేతిలో పెట్టింది. ఈసారి తాగాడు. పట్టాభి కూడా మంచివాడే, వచ్చి దూడ నెత్తి నిమిరి, “నేను కాదని చెప్పేలోగానే దండాలు పెట్టేశారయ్యా జనం,” అని నవ్వేశాడు.

భోజనాలయ్యాక తాంబూలాలు పుచ్చుకుని కాలవగట్టు మీదుగా ఇంటికి బయల్దేరాం. దప్పళం నిజంగానే బాగుంది. నేను రెండు గుండిగలు తాగాను. వకుళ నడుస్తూ నడుస్తూ అడిగింది: “ఆ కోడలిది తప్పంటారా గురువుగారూ? మర్యాద కొద్దీ కదండీ పేరు దాచింది?”

దానికి గురువుగారు ఏమన్నారో చెప్పే ముందు, తర్వాత జరిగింది నన్ను ఇక్కడే చెప్పేయనివ్వండి. ఆయన మాట తర్వాత నేను గొంతెత్తితే బాగుండదు. వకుళ గడువులోగా రెండో అధ్యాయం తిరగరాసి ఇచ్చింది. ప్రొఫెసరుగారు ఈసారి ఎర్ర సిరా సీసా మూత కూడా తీయలేదట. ఆ అధ్యాయం మొదటి మాటే వీరభద్రం పేరు. ఆయన ఏ సంచికలో ఏం వాదించాడు, దేన్ని చూసి వాదించాడు, ఎక్కడ ఖాయంగా చెప్పాడు, ఎక్కడ ఊహించి చెప్పాడు అన్నీ ఆయన పక్షాన నిలబడి చెప్పినట్టు రాసిందట. గురువుగారు నాకు తెలుగులో చెబుతుంటే, విన్నంతసేపూ లంకలు నిలబడాలంటే రెల్లు తప్ప గతి లేదని నాకే అనిపించింది. ఆ తర్వాతే తన మాట. ఆ అధ్యాయం పట్టుకుని వకుళ తుని వెళ్లి మాస్టారి మంచం పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని విని, “ఈ వీరభద్రం ఎవరో గానీ బాగా ఆలోచించాడమ్మా,” అన్నారట. కాసేపాగి, “కానీ పైనుంచి ఒండ్రే రాకపోతే, పాపం రెల్లు మాత్రం దేన్ని పట్టుకుంటుంది?” అన్నారట. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని, అక్కడే, అలాగే ఏడ్చి వచ్చింది. ఏడుపు కాదట అది, ఏమిటో ఆమెకే తెలియలేదట.

ఇప్పుడు కాలవగట్టు మీదకి రండి. ఆమె అడిగింది, ఆ కోడలిది మర్యాదే కదా అని. గురువుగారు ఆగారు. ఆ ఒక్కసారీ కళ్లజోడు తీయలేదు.

“మర్యాదే,” అన్నారు. “ఆ కోడలు దాచిన పేరు చెప్పడానికి నువ్వు దొరికావు. వీరభద్రానికి ఎవరున్నారు?”

అని ముందుకు నడిచిపోయారు. ఇందులో ఏ ఒక్క మాట మీదైనా అనుమానం ఉంటే, ఆ రోజు గాడిపొయ్యి పక్కనే గరిటె పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూసినవాడు, మంగాయమ్మ చేతికి మజ్జిగ గ్లాసు అందించినవాడు ఇంకా ఉన్నాడు. గేదె ఎత్తు దగ్గర, అప్పడాల దగ్గర కాస్త తగ్గించి చెబుతాడు. అతనికి చూపు తక్కువ, పట్టించుకోకండి. మిగతాదంతా ఉన్నదున్నట్టు చెబుతాడు. మండపేట వెళ్లి వంటల మేస్త్రీ ఎవరని అడగండి, ఎవరైనా చూపిస్తారు: పెంకే బులిరాజు.